వియ్యంకుని మాగ చాప

ఆదివారం పొద్దుగాల సీతాఫల్‌మండిల నోవహు ఇంట్ల ఒక పద్ధతున్నది. సంచి పట్టుకొని పోయి రవ్వ చాపనో కొర్రమీనో ఆయనే తెస్తడు, ఆయనే కడుగుతడు, ఆయనే పులుసు పెడతడు. చర్చి నుంచి రాంగనే తొమ్మిదేండ్ల మనవరాలు క్యారల్ వంటింట్లకు ఉరుకుతది. "తాతా, తలకాయ ముక్క నాదే!" అంటది. ఆ ఒక్క మాట కోసం ముసలాయన వారమంత చూస్తుంటడు.

ఈ ఆదివారం మాత్రం సంచి తియ్యలే. కోడలు హదస్సా వాళ్ళ నాయన సైలస్ తెల్లారంగనే కాకినాడ రైలు దిగిండు, చేతిల ఐసుడబ్బ. నిన్న ఆయన తమ్ముని పడవల పడ్డ మాగ చాప, మూడు కిలోలు, ముక్కలు కొట్టించి తెచ్చిండు.

"తాతా, ఫోన్‌ల చూడు! మాగ అంటే ఇండియన్ సాల్మన్ అంట," అన్నది క్యారల్. "కాకినాడ తాత పెనం మీద చేస్తడంట. ఇయ్యాల పులుసు వద్దు."

నోవహు పులుసు గిన్నె మళ్ళ అల్మారల పెట్టిండు.

"మసాలా సుత వెయ్యరా బావగారూ?" అని పుల్లగ అడిగిండు.

"తాజా చేపకి మసాలా ఎందుకండీ," సైలస్ నవ్విండు. "ఉప్పు, పసుపు, మిరియాల పొడి, కాస్త నిమ్మరసం. పది నిమిషాలుంచి, చర్మం వైపు ముందు పెనం మీద వెయ్యడమే. ఊరికే కదపకూడదు. లేదంటే అరిటాకులో చుట్టి ఆవిరికి పెట్టుకోవచ్చు. చర్చి నుంచి వచ్చాక పావుగంట పని."

నోవహు భార్య కాంతమణి డబ్బలకు తొంగి చూసింది. "వాసనే లేదు! చాప అంటే గిట్లుండాలె."

నలభై ఏండ్లసంది తన పులుసు తిన్న మనిషి!

అందరు చర్చికి బయలుదేరంగ నోవహు మోకాలు పట్టుకున్నడు. "జెర తక్లీఫ్ ఉన్నది. మీరు పోయి రాండ్రి."

వాళ్ళు గల్లీ దాటంగనే డబ్బ మూత తీసిండు. చెడగొడదామని కాదు. నేను కడిగి పెడితే ఇందుల నా చెయ్యి సుత ఉంటది అనుకున్నడు. చెరువు చాపకు బురద వాసన పోనీకి ఎప్పుడు చేసేదే షురూ చేసిండు. పిడికెడు దొడ్డుప్పేసి గట్టిగ రుద్దిండు, చింతపండు నీళ్ళల్ల నానవెట్టిండు. కొర్రమీనైతే తట్టుకుంటది. మాగ మెత్తటి చాప. గంటకు చెయ్యి పెట్టి చూస్తే తోలు ఒక దిక్కు, కండ ఒక దిక్కు. నీళ్ళు పారబోసి, గబగబ డబ్బల సర్ది మూత పెట్టిండు.

చర్చి నుంచి వచ్చి సైలస్ డబ్బ తెరిచిండు.

"అయ్యో, ఏందిది? పిండి పిండి అయింది!" క్యారల్ అరిచింది.

నోవహు నోట్లెకెంచి మాట జారింది. "తాజాది కాదు బావగారూ. ఎన్నటిదో మీకు అంటగట్టిన్రు."

హదస్సా మొహం ఎర్రబడ్డది. "మా బాబాయి పడవలోది మామయ్యా! పొద్దున మీరే చూశారుగా, ఎంత గట్టిగా ఉందో!"

"అయితే నేను అబద్ధమాడుతున్ననా?" గొంతు పెంచిండు నోవహు.

సైలస్ డబ్బ అడుగున ఊరిన నీళ్ళల్ల వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నడు. ఉప్పు తెలిసింది, పులుపు తెలిసింది. ఎవరి చెయ్యో సుత తెలిసింది. ఒక్కసారి నోవహు దిక్కు చూసిండు.

"ఊరుకో అమ్మా," అన్నడు కూతురితోని. "బావగారన్నది నిజమే. రైల్లో ఐసు కరిగిపోయింది. నిద్రపట్టేసి చూసుకోలేదు. తప్పు నాదే."

"ఏంది తాతా నువ్వు!" క్యారల్ ఆయన మీద విసుక్కున్నది. "మా సండే స్కూల్ల అందరికి చెప్పిన!"

సైలస్ తల దించుకున్నడు.

నోవహు కోరుకున్నది అదే. మనవరాలి ముందల వియ్యంకుడు చిన్నగయిండు. కానీ ఆ వంగిన తల చూడవశం కాలే.

"ఆయన్ను ఏమనకు బిడ్డా," అన్నడు మెల్లగ. "ఐసు కరగలే. నేనే ఉప్పుతోని రుద్దిన, చింతపండుల నానవెట్టిన. మోకాలి నొప్పి సుత అబద్ధమే. నీ తాత కుళ్ళుకున్నడు."

"డెబ్బై రెండేండ్లకు గిదేం బుద్ధయ్యా!" కాంతమణి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నది. "అందుల చర్చి ఎగ్గొట్టి!"

"పులుసు వద్దన్నది బిడ్డ. రేపటిసంది నేను సుత వద్దంటదేమో అనిపించింది."

"ఇయ్యాల ఒక్కరోజే అన్న తాతా! ఒక్కరోజే!" క్యారల్ వచ్చి ఆయన నడుము పట్టుకొని ఏడ్చింది.

సైలస్ డబ్బ తన దిక్కు గుంజుకున్నడు. "పారేసేదేం లేదండీ. కడిగి ఉడికించి, ముళ్ళు తీసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వేసి పొడిగా వేయించుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. ఉప్పు డబ్బా మాత్రం బావగారికి అందకుండా పెట్టండి."

హదస్సా నవ్వలే. కానీ ఉల్లిగడ్డలు, కత్తి తెచ్చి మామ ముందల పెట్టింది, కొయ్యమన్నట్టు.

అన్నం ముందల ప్రార్థన ఎప్పుడు నోవహే చేస్తడు. ఇయ్యాల జోడించిన చేతులు విడిచి సైలస్ దిక్కు తిరిగిండు. "బావా, నువ్వు చెయ్యి," అన్నడు. బావగారూ అననిది అదే మొదటిసారి.

ఆమెన్ అన్నంక నోవహు మొదటి గరిట సైలస్ పళ్ళెంల వేసిండు.

"రేపే పోతనంటివి గద. ఇంకో వారముండు. పెనం మీద ఎట్ల చెయ్యాలో నాకు నేర్పు. నువ్వు లేని ఆదివారాలు నేనే చేసి, మీ కాకినాడ తాత చాప బిడ్డా అని చెప్పి పెడత."

సైలస్ లేచి, అందకుండ పెట్టిన ఉప్పు డబ్బ తెచ్చి నోవహు ముందల పెట్టిండు.