పది నుంచి మొదలయ్యే టేపు

మధ్యాహ్నం బడి వదలగానే తూనీగ ఒళ్లో ఇంగ్లీషు నోట్సు, చేతిలో టేపు పెట్టుకుని కూర్చుంది. కుదురుగా ఉండదని ఆ పిల్లకు ఇంట్లో పెట్టిన పేరది.

హోంవర్కు ఒక్క వాక్యమే. ‘ఇన్‌సఫిషియెంట్’ అనే మాట వాడి రాయాలి. “చాలనిది అని అర్థం. ఏది చాలలేదో, దేనికి చాలలేదో చెప్పకుండా వాడొద్దు,” అన్నారు టీచరు.

వాళ్లమ్మ టైలరు. అమ్మ టేపుకి మొదటి పది అంగుళాలు లేవు, ఎప్పుడో చిరిగిపోయాయి. పది దగ్గర మొదలుపెట్టి, వచ్చిన అంకెలోంచి పది తీసేయాలి. కొత్తది కొనమంటే, “ఇన్నేళ్లు అన్నం పెట్టిన టేపే” అంటుంది అమ్మ.

“నర్సమ్మగారు పాప ఫ్రాకుకి తెచ్చిన బట్ట ఎంతుందే?” అడిగింది అమ్మ.

“డెబ్భై,” అంది తూనీగ, బట్ట మీద టేపు పెట్టి చూసి, వెంటనే నోట్సులోకి తల దించుకుంటూ.

“అయితే కుచ్చులు బాగా పెట్టొచ్చు,” అని అమ్మ ఫ్రాకు కత్తిరించింది. తీరా చూస్తే చేతులకి గుడ్డ మిగల్లేదు.

రేపు నర్సమ్మగారి పాప స్టేజీ మీద పాడాలి. తన మోచేతి మీద కాలిన మచ్చ కనబడకుండా పొడుగు చేతులు కావాలంది.

“ఆవిడే తక్కువ తెచ్చినట్టుంది,” అంది అమ్మ.

తూనీగ చేతిలోని టేపు వైపు చూసింది. తను పది తీసేయలేదు. అయినా నోట్సులో, బట్ట ఇన్‌సఫిషియెంట్ అని రాసేసింది. దేనికి? ఆ తర్వాత పెన్ను కదల్లేదు.

ఇంతలో నర్సమ్మ, పాప వచ్చారు.

“బట్ట చాల్లేదండీ,” అంది అమ్మ.

“షాపులో నా కళ్లముందే కొలిచారే,” అంది నర్సమ్మ. పాప రెండో చేత్తో మోచెయ్యి మూసుకుంది.

తూనీగ అది చూసింది. నోట్సులో వాక్యం కొట్టేసింది.

“మీరు చాలినంత బట్టే తెచ్చారు ఆంటీ. అరవై ఉంది. నేనే పది తీసేయకుండా చెప్పాను.”

అమ్మ తూనీగ వైపు చూసింది. కుచ్చుల్లోంచి రెండు ముక్కలు విప్పింది.

“ఇది కొలువు.”

“ఇరవై నాలుగు” అనబోయి తూనీగ ఆగింది. “పద్నాలుగమ్మా.”

“పద్నాలుగైతే చేతులు వస్తాయి.” అమ్మ కత్తెర అందుకుంది.

“ఉండమ్మా,” అని తూనీగ టేపుని మళ్లీ పది దగ్గర పట్టుకుంది.