తమ్ముడు వేసిన బల్బులు

మధ్యాహ్నం మూడింటికి పన్ను పీకించుకుని, నోట్లో దూది కుక్కుకుని, వసపిట్ట తన తల్లి వెనకాలే సెల్లారులోకి దిగింది. పదేళ్ళ పిల్ల. నోరు మూతపడదని ఇంట్లో వాళ్ళు పెట్టిన పేరది. ఇవాళ మాత్రం గంటసేపు మాట్లాడొద్దన్నాడు డాక్టరు.

"నీ నోటికి తాళం వేసే మొనగాడు ఇన్నాళ్ళకు దొరికాడే," అంది తల్లి.

పిల్ల కళ్ళతోనే ఉరిమింది.

ఆస్పత్రి కింద మూడో సెల్లారు. పగలైనా రాత్రైనా అక్కడ ఒకటే మసక. తడి సిమెంటు వాసన. ఎక్కడో గొట్టంలోంచి చుక్క పడుతోంది. టప్... టప్. ఆ వరసలో వాళ్ళ కారొక్కటే ఉంది. దాని ముందు పది పన్నెండు అడుగుల ఖాళీ నేల, ఆపైన వట్టి గోడ.

పిల్ల వెనక సీట్లో ఒరిగింది. తల్లి ముందు కూర్చుని తాళం తిప్పింది. మీట ముట్టుకోకుండానే హెడ్‌లైట్లు భగ్గున వెలిగాయి. కళ్ళలో సూదులు గుచ్చే తెల్లటి వెలుగు. పొద్దుగూకితే దారి ఆనడం లేదని ఆమె అన్నందుకు, తమ్ముడు నెల కిందట బయట కొని తనే బిగించిన బల్బులవి.

టక్. నాలుగు తలుపులకూ లాకు పడింది.

ఆమె తలుపు అంచున ఉన్న లాకు మొనను పట్టి పైకి లాగింది. టక్. దిగిపోయింది. మళ్ళీ లాగింది. టక్. లోపలి మోటారు పంతం పట్టినట్టు ఆమె వేళ్ళ కిందే నొక్కేస్తోంది. అద్దాలు దిగలేదు. తాళం ఊడబెరికింది. లైట్లు ఆరలేదు.

సన్నగా ప్లాస్టిక్ కాలే వాసన.

ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత. తమ్ముడికి చేసింది.

"ఒరేయ్, లైట్లు ఆరట్లేదు. తలుపులు రావట్లేదు. ఏదో కాలుతోంది."

"అక్కా... ఆ బల్బులకు ఫ్యూజు ఊరికే పోతోందని, తీసేసి తీగ చుట్టానే."

"ఎవడు చుట్టమన్నాడ్రా నిన్ను?"

"తిట్లు తర్వాత తిడుదువు గానీ, బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ పీకించు. బయట ఎవరైనా ఉన్నారా?"

నాలుగు దిక్కులా చూసింది. నరమానవుడు లేడు.

"పది నిమిషాల్లో నేనే..." ఫోన్ తెగిపోయింది.

పిల్ల ఆమె భుజం పట్టుకుంది. నోట్లో దూది తీసేసింది.

"అమ్మా... గోడ మీద ఎవరు?"

గోడ మీద నీడ. తల, భుజాలు, వేలాడుతున్న చేతులు. లైట్లకు అడ్డంగా ఎవరో నిలబడితే పడే నీడ.

కారుకూ గోడకూ మధ్య ఎవరూ లేరు.

"కళ్ళు మూసుకో," అంది.

వెలుగుకు దగ్గరైన కొద్దీ నీడ పెద్దదవుతుంది. ఆ నీడ పెద్దదవుతోంది. భుజాలు గోడ అంచులు దాటాయి. తల పైకప్పు మీదికి వంగింది. లోపల పొగ చేరింది. పిల్ల దగ్గుతోంది... ఆగకుండా దగ్గుతోంది. ఆమె చెప్పు తీసి దాని మడమతో అద్దాన్ని బాదింది. అద్దం చెక్కుచెదరలేదు.

గోడంతా నల్లబడింది. లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

వచ్చేసింది. అది కారు ముందరికే వచ్చేసింది.

"అమ్మా, ఊపిరి..."

ఆమె మోకాలి కింద తడుముకుంది. బానెట్ మీట దొరికింది. లాగితే ఎవరిని పిలిచినట్టో ఆమెకు తెలుసు. ఎవరైతేనేం... దానికి చేతులున్నాయి.

లాగింది.

బానెట్ చిన్నగా ఉలిక్కిపడింది. తర్వాత మెల్లగా, చాలా మెల్లగా, పైకి లేచింది. ముందు అద్దమంతా కప్పేసింది. దాని వెనక ఏదో తిప్పుతున్న చప్పుడు... కిర్రు... కిర్రు.

లైట్లు ఆరిపోయాయి.

ఆమె లాకు మొన లాగింది. ఈసారి దిగలేదు. పిల్లను రెక్క పట్టి ఈడ్చుకుని, వెనక్కి చూడకుండా పైకి పరుగెత్తింది.

తమ్ముడు వచ్చేసరికి పిల్ల పైన ఆస్పత్రిలో నర్సు ఒళ్ళో నీళ్ళు తాగుతోంది. ఆమె నీడ సంగతంతా చెప్పి, వాణ్ణి ఒక్కణ్ణీ పంపడానికి మనసొప్పక తనూ కిందికి దిగింది. ఆస్పత్రి వాచ్‌మన్ టార్చి పట్టాడు. బానెట్ అలాగే తెరిచి ఉంది.

"దెయ్యమూ లేదు, దాని పిల్లా లేదు. వేడికి తీగ కాలి ఊడిపోయుంటుంది," అన్నాడు తమ్ముడు. నడుం వంచి తల లోపల పెట్టేశాడు. "నీదంతా కంగారే అక్కా... ఇదేంటి, బ్యాటరీ తీగ నట్టు విప్పి పక్కన పెట్టారు..."

వాచ్‌మన్ టార్చిని పక్కకు తిప్పాడు. "అమ్మా," అన్నాడు గొంతు దించి, "బానెట్‌కి ఆనించే కడ్డీ... చూడండి."

చూసింది. కడ్డీ తన చోట తాను అడ్డంగా పడుకుని ఉంది. ఎవరూ ఎత్తలేదు. బానెట్ మాత్రం తమ్ముడి మెడ మీదుగా, దేనికీ ఆనకుండా, నిలబడి ఉంది.

"ఒరేయ్ నాన్నా," అంది. "మెల్లగా... తల బయటికి తియ్యి."

"ఉండక్కా, ఒక్క నిమిషం."

బానెట్ వేలెడంత కిందికి దిగి, ఆగింది.