మా పిల్లోళ్ల చేతికి నేనే ఇచ్చినా

హిందూపురంలో ఫ్లెక్సీల అంగడి పెట్టుకున్న చెన్నకేశవులు కంప్యూటర్‌లో ఎన్ని మొహాలుంటాయో ఆయనకే లెక్క తెలియదు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, అయ్యప్ప పడిపూజలు, శ్రద్ధాంజలులు... ఊరు ఊరంతా ఆ పెట్టెలో నవ్వుతూ కూర్చునుంటుంది. మొన్న ఎండాకాలం సెలవులకు ముందు ఒకరోజు కృష్ణకాంత్ ఆ అంగడికొచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, రెండు టీలు చెప్పాడు.

కృష్ణకాంత్ వాళ్లది తాతల నాటి బట్టల అంగడి. అన్నల కింద పనిచేయడం ఈయనకు నచ్చలేదు. బయటికొచ్చేసి, బెంగళూరు కంపెనీ ఒకటి కొత్తగా తెచ్చిన ఆటపెట్టెకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్ల ఏజెన్సీ పట్టాడు. దాని పేరు జిగ్గీ. రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. నడుమ తెర, అటూ ఇటూ మీటలు, నొక్కితే టింగుటింగుమని పాట. ముద్దుగానే ఉంటుందిలెండి.

కంపెనీవాళ్లు పంపిన బ్యానర్‌లో రంగు జుట్టు కుర్రాడొకడు కళ్లు చిట్లించుకుని ఉన్నాడు. వారం రోజులు బస్టాండులో కట్టినా ఒక్కరూ తలెత్తి చూడలేదు. అప్పుడు తట్టింది కృష్ణకాంత్‌కు అసలు కిటుకు. ఆడేది పిల్లలే, సరే. మరి వాళ్ల చేతిలోంచి లాక్కునేదెవరు? అమ్మ! ఆమెను పట్టుకుంటే పని అయిపోయినట్టే కదా.

"చెన్నకేశవులూ, నాకొక అమ్మ కావల్లప్పా," అన్నాడు టీ చప్పరిస్తూ.

"ఉన్న అమ్మకేమాయె అన్నా?"

"తమాషాలొద్దు. ఫ్లెక్సీకి. సినిమా మొహాలొద్దు, నెట్‌లో దొరికే ఉత్తరాది మొహాలొద్దు. చూస్తానే మన పక్కింటామె అనిపించల్ల."

చెన్నకేశవులు మౌస్ కదుపుతూ గొణిగాడు. "బతికినోళ్ల ఫొటో వేస్తే రేప్పొద్దున్నే వచ్చి గల్లా పట్టుకుంటారన్నా."

"అయితే పోయినోళ్లదే చూడప్పా. దానికింత ఆలోచన ఏముండాది?"

అలా దొరికిందామె. పెనుకొండవాళ్లు ఏడాది కింద చేయించుకున్న శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో ఉంది. యాభై దాటిన మనిషి, వెడల్పాటి మొహం, రాళ్ల ముక్కుపుడక. ఎక్కడ నిలబడి చూసినా మనల్నే చూస్తున్నట్టుండే కళ్లు. చెన్నకేశవులు దండ చెరిపాడు, దీపం చెరిపాడు, కింద తేదీలు చెరిపాడు. వేరే ఎవరివో రెండు చేతులు తెచ్చి అతికించి, ఆ చేతుల్లో జిగ్గీ పెట్టాడు. కింద పెద్ద అక్షరాలతో కృష్ణకాంత్ సొంతంగా కట్టిన మాట: "మా పిల్లోళ్ల చేతికి నేనే ఇచ్చినా!"

మూడూళ్లలోనూ కట్టించాడు. ఇక చూడండి! అమ్మలు వాళ్లంతట వాళ్లే పిల్లల్ని వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టారు. "ఆమె ఎవరోగానీ సారూ, ఆ మొహం చూస్తే మాట తీసేయబుద్ధి కాలేదు," అందొకావిడ.

ఒక సాయంత్రం పెనుకొండ బస్టాండు పక్కన టేబుల్ వేసి పిల్లల్ని ఊరికే ఆడనిస్తున్నాడు కృష్ణకాంత్. కార్ల ఫ్యాక్టరీ యూనిఫాంలో పాతికేళ్ల మనిషొకడు వచ్చాడు. టేబుల్ వైపు చూడలేదు, ఫ్లెక్సీనే చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా... ఆమె మా యమ్మ. సుగుణమ్మ," అన్నాడు మెల్లగా. "నా పేరు రామాంజి."

కృష్ణకాంత్‌కు గుండె జారింది, నాలుక మాత్రం జారలేదు. "అట్లనా! ఎంత కళగల మొహమప్పా. ఊరంతా మీ యమ్మను చూసే కొంటాండారు, పుణ్యాత్మురాలు."

"తీసేయన్నా. నీకు దండం పెడతా."

"ఎందుకప్పా, చెడ్డగా ఏమన్నా రాసినామా?"

రామాంజి గొంతు తగ్గించాడు. "పోయినేడు నైట్ షిఫ్ట్ దిగి ఇంట్లో ఫోన్‌లో గేమ్ ఆడుకుంటా ఉన్నా. మధ్యాన్నం మూడు గంటలు. వెనక వాకిట్లో మా యమ్మ పడింది. రామాంజీ అని పిల్చింది. వస్తాండా మా, ఒక్క నిమిషం అన్నా. నాలుగుసార్లు పిల్చిందన్నా. నాలుగుసార్లూ అదే అన్నా."

కృష్ణకాంత్ టేబుల్ మీద మోగుతున్న జిగ్గీనొకదాన్ని ఆపేశాడు.

"నేను పోయేసరికి కండ్లు తెరుచుకునే ఉండాది. నా పక్క చూడలే. నా చేతిలో ఫోన్ పక్కే చూస్తాండె. మా యమ్మ పగ మరిసే మనిషి కాదన్నా. చేని గట్టు కాడ మాటన్నాడని సొంత అన్నతో పదహారేండ్లు మాట్లాడలే. అట్లాంటామె చేతికి అదే ఆట పెట్టినావు. నేనే ఇచ్చినా అని ఆమె నోటితో చెప్పించినావు."

"సరేలేప్పా. ఆదివారం ధర్మవరంలో పెద్ద డెమో ఉండాది, అది కానీ. సోమవారం తీపించేస్తా."

"నీకు పిల్లోళ్లుండారా అన్నా?"

"ఒక పాప. ఎందుకు?"

"పిలిస్తే పలికేదానికి మనిషికి ఒకరుండల్ల. దాన్ని పోగొట్టుకోవద్దన్నా," అని వెళ్లిపోయాడు రామాంజి.

ఆ మాట మాత్రం కృష్ణకాంత్‌కు ముల్లులా గుచ్చుకుంది. ఆయనకు ఒక్కతే కూతురు, సింధూర. తొమ్మిదేళ్లది. నాయన పిలుపు సగంలో ఉండగానే "ఆ" అంటూ పరుగెత్తుకొచ్చే పిల్ల. అన్నలు కాదన్నా, కంపెనీ పొమ్మన్నా, ఆ ఒక్క "ఆ" వినిపిస్తే చాలు ఆయనకు.

ఆదివారం ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ల వీధిలో షామియానా కింద నలభైమంది పిల్లలు కూర్చున్నారు. నలభై తలలూ వంగే ఉన్నాయి. మూడు గంటల ఎండలో తల్లులు విసిగిపోయి పిలవడం మొదలుపెట్టారు. ఎవరూ కదల్లేదు. ఒకామె కూతురి భుజం పట్టి లాగింది. ఆ పిల్ల తలెత్తకుండానే "ఒక్క నిమిషం మా" అంది.

నలభైమందీ అన్నారు. ఒకేసారి. ఒకే గొంతుతో.

"ఒక్క నిమిషం మా."

కృష్ణకాంత్ పకపకా నవ్వాడు. "చూసినారా అక్కా, ఎంత శ్రద్ధో!" అన్నాడు. నవ్వుతూనే రెండడుగులు వెనక్కి వేశాడు.

సోమవారం కంపెనీ నుంచి మెచ్చుకుంటూ ఫోన్ వచ్చింది. మరి ఫ్లెక్సీలు తీస్తాడా ఎవరైనా? ఇంకొక్క వారం అనుకున్నాడు.

బుధవారం. భార్య పూర్ణిమ మార్కెట్‌కు పోయింది. సింధూర ముందు గదిలో జిగ్గీ ఆడుకుంటోంది. కృష్ణకాంత్ ఇంటి వెనక షెడ్డులోకి జిగ్గీల అట్టపెట్టెల కోసం పోయాడు. మూడు కాబోతోంది. ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. ఎర్రమన్ను రేపుకుంటూ గాలి లేచింది. కరెంటు పోయింది. వెనకే షట్టర్ దడాలున పడింది.

కటిక చీకటి. మొదట తడిమన్ను వాసన. తర్వాత ఇంకేదో... వాడిపోయిన బంతిపూల వాసన. షెడ్డులో పూలెక్కడివి?

తడుముకుంటూ షట్టర్ వైపు రెండడుగులు వేశాడు. పక్కనే ఇనుప రాక్ కిర్రుమంది. గాలి లోపలికి రావడం లేదు. అయినా రాక్ కదిలింది. మెల్లగా... ఎవరో భుజం పెట్టి తోసినట్టు.

ఆయన్ను నేలకూల్చి కుడి తొడ మీద పడింది. ఎముక చప్పుడు ఆయనకే వినిపించింది.

"సింధూ!"

ఇంట్లోంచి పాప గొంతు. "వస్తాండా నాయనా... ఒక్క నిమిషం."

ఊపిరి పీల్చుకున్నాడు. వస్తుంది. వచ్చేస్తుంది.

రాలేదు.

"సింధూ! కాలు... కాలు ఇరుక్కుందిమా!"

"ఒక్క నిమిషం నాయనా."

అప్పుడు అట్టపెట్టెల సందుల్లోంచి వెలుతురు వచ్చింది. నీలంగా, సన్నగా. ఒకటి. పది. షెడ్డంతా. సీలు కూడా విప్పని జిగ్గీలన్నీ వాటంతటవే పాట అందుకున్నాయి. మూడోసారి అరిచాడు. పాట పెరిగింది. ఆయన అరుపు ఆయన చెవికే చేరలేదు.

నాలుగోసారి పిలిచాడు. గొంతు చీరుకుపోయింది.

పాట టక్కున ఆగింది.

"ఒక్క నిమిషం," అంది ఎవరో. ఇంట్లోంచి కాదు. చెవి పక్కనే. నింపాదిగా...

ముప్పావుగంటకు పూర్ణిమ తిరిగొచ్చి, పక్కింటివాళ్లతో షట్టర్ లేపించింది. ఆసుపత్రిలో తొడలో రాడ్డు వేశారు. ఆ సాయంత్రమే కృష్ణకాంత్ మాట మీద చెన్నకేశవులు మూడూళ్లకూ మనుషుల్ని తోలి ఫ్లెక్సీలన్నీ దింపించి కాల్పించాడు. జిగ్గీలు కంపెనీకి వెనక్కిపోయాయి. షెడ్డు ఖాళీ చేసి తాళం వేశారు.

ఇంటికొచ్చాక కృష్ణకాంత్ పాపను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. తిట్టలేదు. "నేను అంతగా పిలిస్తే రాలేదేం తల్లీ?" అన్నాడు.

సింధూర బిక్కమొహం వేసింది. "వచ్చినా గదా నాయనా! నువ్వు ఫస్టు పిలిచినప్పుడే వచ్చినా. షట్టర్ కాడ ఒకామె నిలబడుండె. 'మీ నాయన పిలిచేది నన్ను లేమా, నేను పోతా. నువ్వు పోయి ఆడుకో' అనె."

"నువ్వు... ఇంట్లోంచి ఒక్క నిమిషం అనలేదా?"

"నేనేమీ అనలే."

ఆ రోజు నుంచి కృష్ణకాంత్ ఇంట్లో ఎవర్నీ పేరు పెట్టి పిలవడం మానేశాడు. నీళ్లు కావాలన్నా మంచం పట్టె మీద గ్లాసుతో కొడతాడు. పిలిస్తే ఎవరొస్తారో ఆయనకు తెలుసు.

నిన్న మధ్యాహ్నం పూర్ణిమ మందుల అంగడికి పోయింది. కట్టుకట్టిన కాలుతో ఆయన మంచం మీద ఉన్నాడు, నోరు మెదపలేదు. నేల మీద బొమ్మ గీసుకుంటున్న సింధూర ఉన్నట్టుండి తలెత్తింది.

"ఆ... వస్తాండా నాయనా!"

పెన్సిల్ కింద పెట్టి లేచింది. మంచం వైపు రాలేదు. పెరటి తలుపు తీసుకుని వెనక్కి నడిచింది. తాళం వేసిన షట్టర్ లేస్తున్న చప్పుడు, నెమ్మదిగా...

ఆపాలి. పిలవాలి. కృష్ణకాంత్ నోరు తెరిచాడు. పిలిస్తే వచ్చేదెవరు? గ్లాసందుకుని మంచం పట్టె మీద టకటకా కొట్టాడు.

షెడ్డులోంచి మాత్రం ఆయన గొంతే, అచ్చం ఆయన గొంతే, "సింధూ" అని పిలిచింది. రెండోసారి.