చప్పుడుకు పెట్టిన పేరు

నూకరత్నం ముందుగా సముద్రాన్ని తీసేసింది. తర్వాత గాలిని, ఆ తర్వాత దిగువన లారీల రొదను. చెవులకు తగిలించుకున్న శ్రవణికలో చివరికి కొండ ఒక్కటే మిగిలింది. డ్యూటీ ఎక్కగానే, కొండ లోపలి చప్పుళ్ళు వినే శిలాశ్రోత చేసే మొదటి పని ఇదే. ఏళ్ళ తరబడి చేస్తున్నా ఆ ఒక్క నిమిషం ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది.

కొండ అంటే చిన్న మాట. దక్షిణ అమెరికా పడమటి అంచు పొడుగునా పరుచుకున్న గ్రానైట్ గొలుసు అది. సముద్రపు పలక ఖండం కిందికి దూరుతూ నీళ్ళను కూడా మోసుకుపోతుంది. ఆ నీళ్ళు తగిలి లోతున రాయి కరుగుతుంది. కరిగింది మెల్లగా పైకి పాకి, దారిలోనే చల్లారి, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ గింజలుగా గడ్డకట్టి గ్రానైటవుతుంది. ఇంకా చల్లారని చోట ఉండేది గంజిపొర: సగం గింజలు, సగం కరుగు. దాని వేడితో తీసే కరెంటు మీదే తీరంలో ఊళ్ళన్నీ బతుకుతున్నాయి. అది పొంగిందంటే ముందు పోయేవీ ఆ ఊళ్ళే. అందుకే గొలుసు పొడుగునా సొరంగాలు తవ్వి, వాటి తలుపులనూ నీళ్ళనూ శిలామతి అనే యంత్రబుద్ధికి అప్పగించారు.

ఆ ఉదయం ఏడో సొరంగం కింద అడ్డతరంగాలు మందగించాయి. నూకరత్నం నొసలు ముడిపడ్డాయి. గట్టి రాతిలో పరిగెత్తే ఆ తరంగాలు కరుగు తగిలితే చతికిలబడతాయి. అంటే అడుగునుంచి నల్లరాతి కరుగు వచ్చి గంజిపొరలో కలుస్తోంది. చిక్కగా పడుకుని ఉన్న గంజి వేడెక్కి, పలచబడి, పైకి లేవబోతోంది.

శిలామతి ఎవరినీ అడగలేదు. తెర మీద అక్షరాలు వచ్చాయి: ఏడో సొరంగంలో మనుషులు సున్నా. తలుపు మూశాను. పావుగంటలో చల్లార్పు.

చల్లార్పు అంటే సముద్రపు నీళ్ళను ఉరవడిగా సొరంగంలోకి వదిలి, పగుళ్ళ గుండా కిందికి దించి, గంజిపొర నెత్తిన రాతిమూత కట్టించడం.

"హమ్మయ్య, టైముకి పసిగట్టింది," అన్నాడు వెనక నిలబడ్డ ఇన్‌ఛార్జి తారకేశ్. అతని భార్యా, నెలల పాపా దిగువ శాన్ లాజరో ఊళ్ళోనే ఉంటారు.

అప్పుడే క్యాంటీన్ పైడమ్మ టీ పట్టుకొచ్చింది. "గవరన్న కనపడ్డాడేటమ్మా? ఈయేళ ఆకరి డూటీ కదా, అందరికీ గారెలు పెడతానన్నాడు. పిండి రుబ్బి ఎదురుసూస్తన్నాను. ఆయన హాజరు బిల్ల సూస్తే కొక్కేనికే ఏలాడతంది."

నూకరత్నం టీ అందుకోకుండానే తెర వైపు తిరిగింది.

టెక్కలి రాతిక్వారీల నుంచి వచ్చి ఈ సొరంగాలు తవ్విన జట్లలో ఒక ఆనవాయితీ ఉంది. పని మానేసే రోజున మనిషి హాజరు బిల్ల తీసి కొక్కేనికి తగిలించి, ఒంటి మీద ఇనుప ముక్క లేకుండా తాను తవ్విన సొరంగంలోకి వెళ్ళి, కొండకు చెప్పి రావాలి. కంపెనీ బిల్లతో వెళ్తే అది కూలీగా వెళ్ళినట్టట, అయినవాడిగా వెళ్ళినట్టు కాదట. ఈ సంగతి పైవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెబితే ఊరుకుంటారా?

"తారకేశ్, నీళ్ళు ఆపించు. ఏడోది తవ్వింది గవరయ్య చిన్నాన్నే. లోపలున్నాడు."

"బిల్ల బయటే ఉందిగా అండీ?"

"బిల్ల బయటుంది. మనిషి లోపలున్నాడు!"

తారకేశ్ తెర ముందుకు దూకాడు. గబగబా మీటలు నొక్కాడు. లోపల మనిషుంటే నీళ్ళు వదలకూడదన్న నియమం శిలామతికీ ఉంది. కానీ దాని లెక్కలో బిల్ల ఉంటేనే మనిషి. నొక్కిన ప్రతిసారీ అదే జవాబు: సున్నా.

నూకరత్నానికి అప్పుడు తట్టింది. పొద్దున తాను తీసేసిన చప్పుళ్ళు కాక, యంత్రం తనంతట తాను తీసేసేది ఒకటుంది. జట్లు కొట్టే సుత్తి దెబ్బలు రీడింగులకు అడ్డం పడుతున్నాయని ఎప్పుడో పెట్టిన కూలీచప్పుడు వడపోత. దాన్ని తొలగించింది.

ఠక్. ఠక్. ఠక్. రాయి మీద రాయి.

"ఓరి నాయనో, కొడతన్నాడు," అని ఏడ్చేసింది పైకే.

వడపోతతోపాటే ఆ చప్పుడుకున్న పాత వర్గమూ పోయింది. శిలామతి అడిగింది: ఏ వర్గానికీ చెందని చప్పుడు. పేరు?

కొత్త చప్పుడుకు పేరు పెట్టే హక్కు శ్రోతది. తారకేశ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కసారి పెడితే గొలుసంతటికీ అదే పేరండీ. ఎక్కడ చిన్న చప్పుడైనా నీళ్ళు ఆగిపోతాయి. కింద మా పాప ఉంది."

"తెలుసు నాయనా. నీ పాపను నేనూ ఎత్తుకున్నాను."

ఆమె చెయ్యి విడిపించుకుని 'మనిషి' అని కొట్టింది.

నీళ్ళు వదలడం ఆగింది. స్టేషన్ పక్కనే ఉన్న ఏడో తలుపు మూలుగుతూ లేచింది. కాళ్ళ కింద నేల అదిరింది, గోడనున్న అల్మారా బోర్లా పడింది, దిగువ ఊళ్ళో సైరన్ మొదలైంది. తారకేశ్ ఫోన్లో భార్యను పాపను ఎత్తుకుని ఇంట్లోంచి బయటపడమని అరుస్తున్నాడు. ఉత్త కాళ్ళతో, మోచేతుల నిండా నెత్తురుతో గవరయ్య పరిగెత్తుకొచ్చాడు. వెనకే తలుపు పడింది, నీళ్ళు హోరెత్తాయి. చాలాసేపటికి అడ్డతరంగాలు కాస్త పుంజుకున్నాయి. ఊళ్ళో గోడలు బీటలిచ్చాయి గాని ఊరు నిలిచింది.

"బుద్దుందా చిన్నాన్నా నీకు?" నూకరత్నం అతని భుజాలు పట్టి కుదిపింది. "సచ్చిపోయేవాడివి!"

"ఇన్నేళ్ళు కూడెట్టిన కొండమ్మా. సెప్పకుండా ఎలా ఎలిపోతాను?" అంటూ గవరయ్య కూలబడ్డాడు.

తెర మళ్ళీ వెలిగింది. గొలుసు పొడుగునా, ఆ పూట చల్లార్పు జరగాల్సిన సొరంగాలన్నిటిలో నీళ్ళు నిలిచిపోయాయి. ఒక్కోదాని పక్కనా ఒకటే ప్రశ్న: మనిషి కావచ్చు. పేరు పెట్టిన శ్రోత నిర్ధారించాలి.

ఫోన్లు మోగుతున్నాయి. అవతలి స్టేషన్ల వాళ్ళు తిట్ల దండకం ఎత్తుకున్నారు. బిల్లల లెక్క సున్నా అయితే మనుషులెక్కడ నుంచి వస్తారని అరుస్తున్నారు.

"పేరు తీసెయ్యండి," అన్నాడు తారకేశ్. అతని గొంతులో కోపం లేదు, భయమే. "గవరయ్య బయటికొచ్చేశాడుగా. ప్రతి సొరంగం కిందా ఒక ఊరుందండీ."

అతనన్నది అబద్ధం కాదు. అదే ఆమెను నలిపేస్తోంది. ఆలస్యమైతే ఊళ్ళు, తొందరపడితే మనుషులు. నూకరత్నం రెండో శ్రవణిక తీసి గవరయ్య చేతిలో పెట్టింది. "నాకొక్కదానికి దైర్యం సాలదు చిన్నాన్నా. నువ్వూ ఇను."

తెర మీది వరసలో మొదటి సొరంగం విన్నారు. నీటి చుక్కలు. ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు. ఆమె 'కాదు' నొక్కింది, అక్కడ నీళ్ళు కదిలాయి.

రెండోది ఉత్తరాన, వాళ్ళెప్పుడూ చూడని కొండల్లోది. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత చాలా మెల్లగా, అలిసిపోయినట్టు, ఠక్ మంది.

గవరయ్య ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "ఓలమ్మా... ఎవుడో ఉన్నాడే."

నూకరత్నం 'అవును' నొక్కింది.