సరేప్పా, తీసుకో

మే నెల, శనివారం, మధ్యాహ్నం రెండు గంటలు. ఆ వేళకి కోయిలకుంట్ల వీధుల్లో కుక్క కూడా తిరగదు. రాత్రి దెయ్యాల సంగతి లోకమంతా చెప్పుకుంటుంది గానీ, మా సీమలో పెద్దవాళ్లు మిట్టమధ్యాహ్నానికే ఎక్కువ జడుస్తారు. స్తుతికి ఆ జడుపేమీ లేదు. జడుసుకోవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా. నాలుగు నెలలుగా ఆ పిల్లకి కంటినిండా నిద్ర లేదు.

మిద్దె మీద గదిలో కూచుని బెంగుళూరులో ఉన్న ఒక కంపెనీకి పనిచేస్తుంది. అక్కడ ఆరువందలమంది ప్రోగ్రాములు రాసేవాళ్లు. ఒకప్పుడు వాళ్లలో ఎవరికి ఒక సర్వరు కావాలన్నా స్తుతి జట్టుకి అర్జీ పెట్టుకుని నాలుగు రోజులు కాళ్లావేళ్లా పడేవాళ్లు. ఆ పీడ వదిలించుకుందామని స్తుతీ, రాజంపేట ఓబుళేశూ కలిసి ఒక పోర్టల్ కట్టారు. దానికి 'అంగడి' అని పేరు పెట్టారు. ఎవరికేం కావాలో వాళ్లే వచ్చి నొక్కుకుంటే రెండు నిమిషాల్లో చేతికొస్తుంది. ఎవర్నీ బతిమాలే పని లేదు.

మెలికల్లా ఒక్కటే. ప్రతి అర్జీ కిందా ఎవరిదో ఒక పేరుతో ఆమోదం పడాలి. మనిషిది కాకుండా యంత్రానికంటూ ఒక పేరు పుట్టించాలంటే మూడు వారాల కాగితాల పని. ఓబుళేశు అన్నాళ్లు ఆగలేకపోయాడు. ఇప్పటికి నా పేరు పెడదాం పాపా, తర్వాత మార్చుకుందాం అన్నాడు. అడిగినవాళ్లందరికీ తన పేరుతో ఒకే మాట వెళ్లేటట్టు రాశాడు: "సరేప్పా, తీసుకో." తర్వాత అనేది ఆఫీసుల్లో ఎప్పుడైనా వచ్చిందా? చోద్యం కాకపోతే.

జనవరిలో ఓబుళేశు పోయాడు. మూడు రాత్రులు వరసగా అంగడికి కాపలా కాసి, తెల్లారేసరికి కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నాడు. ముప్ఫై నాలుగేళ్లు. అదేం పోయే వయసు? స్తుతికి అతను పంపిన ఆఖరి మాట, "నిద్ర వస్తాంది పాపా." ఆ మాట ఇప్పటికీ ఆమె ఫోన్లో ఉంది, చెరపడానికి చెయ్యి రాలేదు.

అంగడి మాత్రం ఒక్క పూటైనా మూతపడలేదు. రోజుకి అరవైమందికి, చచ్చిపోయిన మనిషి సరేప్పా తీసుకో అని చెబుతూనే ఉన్నాడు. చాలామందికి అతను పోయిన సంగతే తెలియదు. ఆ పేరు కదిపితే అంతా ఆగిపోతుందని తెలిసినవాళ్లు ముట్టుకోలేదు. ఎప్పుడు ఏది ఆగుతుందోనని స్తుతి ఫోను తలకింద పెట్టుకుని పడుకునేది.

ఆ శనివారం పైఅధికారి దేవేంద్రప్ప ఫోన్ చేశాడు. సోమవారం తనిఖీవాళ్లు వస్తున్నారట, పోయిన మనిషి పేరు వాళ్ల కంటపడకూడదట. యంత్రం పేరు పుట్టించడానికి మూడు వారాలివ్వమని స్తుతి అడిగింది.

"మూడు వారాలు యాడ తెచ్చేది? ఇప్పటికి నీ పేరు పెట్టు పాపా. ఇదొక్కటీ చేస్తే నిన్నీ పనిలోంచి ఇడిపిస్తా. హాయిగా నిద్రపో."

వేరే ఏ ఆశ చూపినా ఒప్పుకునేది కాదేమో. నిద్ర అనేసరికి లొంగిపోయింది పిచ్చిది.

అమ్మ కృపమణి చర్చిలో ఆడవాళ్ల కూటానికి పోయింది. ఇంట్లో ఎవరూ లేరు. అంతలో కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. బ్యాటరీ మీద కంప్యూటర్ ఒక్కటే వెలుగుతోంది. స్తుతి చెమట తుడుచుకుని పాత పేరు దగ్గర ఓబుళేశు అనీ, కొత్త పేరు దగ్గర స్తుతి అనీ కొట్టింది. ఈ అర్జీకీ పాత పేరే ఆమోదం చెప్పాలి. ఎప్పుడూ రెప్పపాటులో వచ్చే ఆ మాట ఈసారి రాలేదు.

నిమిషం గడిచింది. రెండు నిమిషాలు...

అప్పుడొచ్చింది నన్నారి వాసన. తియ్యగా, మట్టివేరు వాసన. ఓబుళేశు రాజంపేట నుంచి నన్నారి షరబత్తు సీసా తెచ్చి ఆఫీసులో బల్లమీద పెట్టుకునేవాడు, రోజంతా నీళ్లలో కలుపుకుని తాగేవాడు. ఈ ఇంట్లో నన్నారి లేదు. వాసన చిక్కబడుతోంది. కిటికీలోంచి కాదు... కుర్చీ వెనకనుంచి.

టక్. టక్.

ఎంటర్ మీట ఎప్పుడూ రెండుసార్లు కొట్టడం ఓబుళేశు అలవాటు. స్తుతి చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

తెరమీద జవాబు పడింది. "వద్దు పాపా."

స్తుతి అంగడి లోపలి ప్రోగ్రాము రాతంతా తెరిచి చూసింది. అందులో ఒకే ఒక్క మాట ఉంది, సరేప్పా తీసుకో. వద్దు అనే మాట ఎక్కడా లేదు. ఎవరూ రాయలేదు.

"అన్నా... నువ్వేనా?"

మెడమీద వెచ్చగా, అలసిపోయిన మనిషి విడిచిన ఊపిరి తగిలింది. వెనక్కి తిరిగే ధైర్యం ఆమెకి లేదు.

ఫోను మోగింది. దేవేంద్రప్పే. ఒప్పుకోవడం లేదు సార్ అంది. ఏదో తప్పు పడుంటుంది, బలవంతంగా మార్చే దారి ఉంది కదా, అది నొక్కి పడెయ్యి అని పెట్టేశాడు. అక్కడైనా ఆగి ఉండాల్సింది. కానీ నాలుగు నెలల నిద్ర కళ్లమీద రాయిలాగా కూచుని ఉంది.

"నాకు నిద్ర కావల్లన్నా," అని వెనకనున్నవాడితో గొణిగి, కళ్లు మూసుకుని నొక్కేసింది.

వాసన ఆగిపోయింది, సీసాకి మూత పెట్టినట్టు. తెరమీద మొదటి ఆమోదం పడింది. సరేప్పా, తీసుకో. కింద పేరు, స్తుతి. ఆమె ఫోను ఆపేసి మంచమ్మీద వాలిపోయింది.

కళ్లు తెరిచేసరికి చీకటి పడుతోంది. అమ్మ పక్కన కూచుని ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉంది. లోపల్లోపల ప్రార్థన చేసుకుంటోంది. ఒళ్లు విరుచుకుందామంటే స్తుతికి చాతకాలేదు. అంతసేపు పడుకున్నా అలసట పిసరంత తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"ఎంతసేపు నిద్రపోతినమ్మా?"

"నేను నాలుగ్గంటలకి వస్తి. అప్పటికే పండుకోనుండావు, కదల్లేదు." కృపమణి గొంతు తగ్గించింది. "మరి అప్పట్నుంచీ ఆ టకటక ఎవురిది మే?"

స్తుతి తల తిప్పి చూసింది. తెరమీద వరసగా ఆమోదాలు. సరేప్పా, తీసుకో. సరేప్పా, తీసుకో. అన్నిటి కిందా ఆమె పేరే. ఆమె చేతులు రెండూ ఇంకా అమ్మ చేతుల్లోనే ఉన్నాయి.

టక్. టక్.

అన్నిటికంటే కింద కొత్త వరస పడింది.

"నిద్ర వస్తాంది. — స్తుతి."