సంతకం కుదరని రిపాజిటరీ

ఉదయం పది గంటలకు మెట్రో రైళ్ళ కంట్రోల్ రూములో లినక్స్ సర్వర్ అప్‌డేట్ మధ్యలోనే ఆగిపోయింది. తెర మీద ఒకటే ఎర్రటి వరుస: ఈ రిపాజిటరీ సంతకం సరిపోలేదు.

పదకొండుంబావుకి ఏజెంట్ ముంగిసను చీఫ్ పిలిపించాడు. చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ అరనిమిషమే. పోయేది తన ప్రాణం కాదు గనక అంతకన్నా అక్కర్లేదు.

"విదేశీ ముఠా ఒకటి సిగ్నళ్ళ మీద కన్నేసింది. ఆ ముఠాలో మన మనిషి ఉంది, కోడ్ నేమ్ పట్టు. కంట్రోల్ రూములో కలుస్తుంది. ఆవిడ చెప్పినట్టు చేసి ఎర్రర్ తీయించు. పన్నెండుకి ఆటోమేటిక్ అప్‌డేట్ మళ్ళీ నడుస్తుంది."

కంట్రోల్ రూములో ఆపరేటర్ స్వయానా ముంగిస బావమరిది. పన్నెండు వేళకు ముంగిస భార్య రోజూ మెట్రో రైల్లోనే మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్తుంది.

పదకొండు నలభైకి ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన గ్యాస్ సిలిండర్‌తో లోపలికి వెళ్ళాడు. గోడంత బోర్డు. దాని మీద రైళ్ళు చుక్కలై పాకుతున్నాయి. బావమరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు. రెండేళ్ళ క్రితం బోర్డు బొమ్మను నీటుగా చూపించే టూల్ ఒకటి కావాలని, ఎవరో బయటి మనిషి నడిపే థర్డ్ పార్టీ రిపాజిటరీని, అంటే సాఫ్ట్‌వేర్ గోదామును, సర్వర్ లిస్టులో చేర్చాడట. ఆఫీసు సాఫ్ట్‌వేరంతా ఆఫీసు గోదాములోంచి వస్తే, అదొక్కటీ ఆ బయటి గోదాములోంచి వచ్చేదట. చేర్చిన సంగతే మర్చిపోయాడట.

"పైవాళ్ళకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది బావా."

"ముందు ప్రాణాలు ఊడకుండా చూద్దాం."

మడమల చప్పుడు వినపడింది. నల్ల కళ్ళజోడు, గదంతా సెంటు వాసన.

"ఏసీ చల్లగా లేదేం?" అంది ఆమె.

"గ్యాస్ అయిపోయింది," అన్నాడు ముంగిస. కోడ్ వర్డ్ కుదిరింది. పట్టు నవ్వింది.

ఆ రిపాజిటరీ ఓనరు ఇవాళ పదింటికి తన సంతకానికి వాడే కీ మార్చాడనీ, అందుకే సంతకం కుదరలేదనీ, సంగతి తనకు పదిన్నరకే తెలిసిందనీ చెప్పింది. కొత్త కీ నంబరున్న చీటీ ఇచ్చింది. దాన్ని సర్వర్ ఒప్పుకుంటే చాలట. బావమరిది టకటకా కొట్టాడు. ఎర్రర్ మాయమైంది. వాడు హమ్మయ్య అని చెమట తుడుచుకున్నాడు.

చీటీ తిరిగిచ్చేద్దామని ముంగిస చేతిలోకి తీసుకున్నాడు. అది దానంతటదే నాలుగు మడతలూ పడింది. మడతలు అరిగి గుడ్డలా మెత్తబడ్డాయి. ఒక మూల చిరిగితే టేపు అంటించి ఉంది. ఇవాళ పదిన్నరకు రాసిన చీటీ కాదది, వారాల తరబడి బ్యాగులో నలిగింది.

ముంగిసకు సంగతి అర్థమైంది. రిపాజిటరీని ముఠా ఎప్పుడో చేజిక్కించుకుంది. సంతకం కొత్తవాళ్ళదని సర్వర్ వాళ్ళను గుమ్మంలోనే ఆపింది. ఇంతసేపూ ఆ ఎర్రరే కాపలా కాసింది. దాన్ని తామే చేజేతులా పక్కకు జరిపారు.

"నీ కళ్ళు మంచివి," అంది పట్టు. ఆమె చేతిలో చిన్న పిస్టల్. "మూడు నిమిషాలే. పన్నెండుకి సిగ్నళ్ళన్నీ పచ్చ. ఎవరూ కదలొద్దు."

ముంగిస సిలిండర్ మూత తిప్పాడు. గ్యాస్ బుస్సున ఆమె ముఖానికి కొట్టింది. గుండు సీలింగులోకి పోయింది. దగ్గుతూ కూలబడిన ఆమె చేతుల్ని కేబుల్ టైతో బిగించాడు.

"ఎర్ర సిగ్నల్ ఇచ్చి అక్క బండి ఆపాను బావా," అన్నాడు బావమరిది.

"పన్నెండైతే అదీ పచ్చవుతుంది. ఆ లిస్టు తెరువు."

సర్వర్ పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే తెర మీద చుక్క కూడా కనపడదు, ఏం కొట్టామో కొట్టినవాడికే తెలియదు. తప్పన్నది. మళ్ళీ తప్పన్నది. పదకొండు యాభై తొమ్మిది. ముంగిస వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"అక్కని తల్చుకోకు. రోజూ పొద్దున ఎలా కొడతావో అలా కొట్టు."

ఈసారి తెరుచుకుంది. ఆ రిపాజిటరీ వరుస ముందు ఒక్క హ్యాష్ గుర్తు పెట్టించాడు ముంగిస. అది ఉంటే సర్వర్ ఆ వరుస చదవదు. సేవ్ కొట్టారు. రెండు సెకన్లలో పన్నెండయింది.

అప్‌డేట్ మొదలైంది. వరుసలు పరిగెడుతున్నాయి. బయటి గోదాము పేరు ఎక్కడా రాలేదు. చివర్న ఎర్రర్లు సున్నా. ఎర్ర సిగ్నల్ ఎర్రగానే ఉంది.

ఆ కొత్త కీని తుడిచేశాక గానీ బావమరిది అక్క రైలుకు పచ్చ ఇవ్వలేదు. బోర్డు మీద చుక్క కదిలింది. ఆ వెంటనే ముంగిస ఫోన్ మోగింది.

"ఏవండీ, బండిని దారిలో ఐదు నిమిషాలు నిలబెట్టేశారు. మా తమ్ముడు ఒక్కడే ఉంటే ఇలా జరగదు. పక్కన ఎవడో దద్దమ్మ చేరుంటాడు. కాస్త కనుక్కోండి."

ముంగిస బావమరిది వైపు చూశాడు. వాడు ఎంతో శ్రద్ధగా తెర వైపు చూస్తున్నాడు.

"కనుక్కున్నాను," అన్నాడు ముంగిస.