గాలి తగిలినా మండే చెయ్యి

ముట్టుకోవద్దన్న మాట వినకుండా కొడుకు తల్లి మోచెయ్యి పట్టుకుని లేవదీయబోయాడు. ఆవిడ పెట్టిన కేకకు గోడగడియారం ఆగిపోయి, బతిమాలితే గాని మళ్లీ నడవలేదని క్లినిక్ నర్సు ఇప్పటికీ చెబుతుంది. నర్సు మాటలో ముప్పాతిక తీసేసినా, కేక పెద్దదే.

"చెయ్యి తియ్యండి!" డాక్టరమ్మ గదమాయించింది.

"అక్కి పుండ్లు ఎప్పుడో మానాయండీ. మా అమ్మే కాస్త..."

"కాస్త?"

"ఎక్కువ చేస్తుంది."

డాక్టరమ్మ చూసిన చూపుకి, లిఫ్టు మెకానిక్కుగా అంతెత్తున తాళ్ల మధ్య ఈలలు వేసుకుంటూ పనిచేసే ఆ కొడుకు కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరూ నొక్కకుండానే తలుపు తెరుచుకునే లిఫ్టు చూశారా?"

"బోలెడు చూశానండీ."

"నరం చివరా అలాంటి సన్నని తలుపులుంటాయి. కాల్షియం చానెల్స్ అంటాం. దెబ్బ తగిలితే తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికెళ్తుంది, నొప్పి కబురు పక్క నరానికి అందుతుంది. అక్కి తగ్గాక మీ అమ్మగారికి ఆ తలుపులు ఎక్కువైపోయాయి. కొంగు తగిలినా తెరుచుకుంటున్నాయి. ఆవిడ మండుతోందంటే మండుతున్నట్టే."

తల్లి కళ్లు నిండాయి. "ఇన్నాళ్లకి నమ్మే మనిషి దొరికిందిరా."

కొడుకు తలెత్తలేదు.

ఆ తలుపుల జోరు తగ్గించే మందు మెల్లగా పనిచేసింది. కొడుకు మాత్రం వారం వారం తయారు. మాత్ర తిన్నాక వేసుకోవాలా, తినకముందా? నీళ్లు చల్లవా, వేడివా? ఒకరోజు వానలో ముద్దగా తడిసొచ్చి, "మాత్రలు తడవకూడదా అండీ?" అన్నాడు. డాక్టరమ్మ నవ్వాపుకోలేక కిటికీవైపు తిరిగి, వాన బాగుందంది.

చివరికి తల్లి పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని నవ్వుతూ వచ్చింది.

"మందు మెల్లగా మానేద్దాం. ఇక రానక్కర్లేదమ్మా."

"అస్సలు రానక్కర్లేదా?" అన్నాడు కొడుకు.

"ఆ మాట నాతో అంది. నీతో కాదు," అంది తల్లి.

"థాంక్సండీ," అన్నాడతను డాక్టరమ్మతో, వారం వారం చెప్పినట్టే.

"మళ్లీనా? ఇన్ని వారాలూ వచ్చింది దానికేనా?"

"కొడుకునై ఉండి నేను నమ్మలేదు, మీరు నమ్మారు. థాంక్సు దానికి. కానీ ఎంత చెప్పినా ఇంకా ఏదో మిగిలిపోతోందండీ. అది ప్రేమేమోనని భయంగా ఉంది."

డాక్టరమ్మ మెడలోని స్టెతస్కోపు తీసి, ఎక్కడ పెట్టాలో తోచక మళ్లీ వేసుకుంది.

తల్లి జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. "నన్నొకరు పట్టుకుని ఎన్నాళ్లయిందో. నువ్వు పట్టుకో తల్లీ."

డాక్టరమ్మ అరచెయ్యి మెత్తగా ఆనించింది.

"మండుతోందా, అత్తయ్యా?"

"లేదమ్మా. ఇంకాసేపు అలాగే ఉంచు."